మంచం పక్కన పల్స్ ఆక్సిమీటర్: మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

నైట్ డ్యూటీలో నేను ఎక్కువగా విన్న మాట "సిస్టర్, నంబర్ పడిపోయింది!" నంబర్ అంటే పల్స్ ఆక్సిమీటర్ చూపించే, రక్తంలోని ఆక్సిజన్ శాతం. మెషిన్‌తో ఇంటికి వెళ్ళినవాళ్ళు కూడా ఫోన్ చేసి ఇదే అంటారు. తీరా చూస్తే చాలాసార్లు వేలికి తగిలించే ప్రోబ్ జారి ఉంటుంది. నిజం చెప్పాలంటే, నంబర్ పడిపోయిందని కంగారుపడేవాళ్ళకంటే నంబర్ బాగుంది కదా అని మనిషి వైపు చూడనివాళ్ళ గురించే నాకు టెన్షన్ ఎక్కువ. అందరూ అడుగుతున్నవి ఇంచుమించు ఒకటే కాబట్టి ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## మొదలుపెట్టే ముందు

వేలికి తగిలించుకునే చిన్నది ఉంది కదా, మంచం పక్కన పెద్ద మెషిన్ ఎందుకు?

చిన్నది ఆ క్షణంలో ఎంతుందో చెప్పి ఆరిపోతుంది. పక్కన పెట్టే మెషిన్ గంటల తరబడి చూస్తూ ఉంటుంది, హద్దు దాటితే అలారం మోగిస్తుంది, నాడి అలను గీసి చూపిస్తుంది, రాత్రంతా ఎలా ఉందో గుర్తుపెట్టుకుంటుంది. ఆస్పత్రిలో వాడే చాలా మెషిన్లలో ఇంకో సౌకర్యం ఉంది. నాడి కొట్టుకున్నప్పుడల్లా వచ్చే 'బీప్' స్వరం ఆక్సిజన్ తగ్గేకొద్దీ కిందికి దిగుతుంది. స్క్రీన్ చూడకుండానే, పక్క మంచం దగ్గర పనిలో ఉన్నా, ఏదో తేడా వచ్చిందని చెవికి తెలిసిపోతుంది. రోజుకు మూడు నాలుగుసార్లు చూసుకుంటే చాలని డాక్టర్ చెప్పి ఉంటే మాత్రం పెద్ద మెషిన్ అక్కర్లేదు. లేనిపోని కంగారు తప్ప దానివల్ల ఒరిగేది ఉండదు.

సూది గుచ్చకుండా రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో దీనికెలా తెలుస్తుంది?

రంగును బట్టి. రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్. ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్ ఎర్రగా మెరుస్తుంది, ఆక్సిజన్ వదిలేసినది ముదురుగా ఉంటుంది. ప్రోబ్‌లో ఒక వైపు రెండు చిన్న లైట్లు ఉంటాయి. ఒకటి 660 నానోమీటర్ల ఎరుపు, ఇంకొకటి 940 నానోమీటర్ల దగ్గర కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్. ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ ఎరుపును ఎక్కువగా పీల్చుకుంటుంది, ఆక్సిజన్ ఉన్నది ఇన్‌ఫ్రారెడ్‌ను ఎక్కువగా పీల్చుకుంటుంది. వేలు దాటి అవతలికి ఏది ఎంత చేరిందో చూసి మెషిన్ లెక్క కడుతుంది.

అయితే వేలిలో చర్మం, ఎముక, సిరల్లోని రక్తం కూడా ఉన్నాయి కదా! వాటి నుంచి ధమని రక్తాన్ని విడదీసిన చిట్కా జపాన్‌లో నిహోన్ కోడెన్ సంస్థలో పనిచేసిన ఇంజినీరు తకువో అయోయాగిది. ఆయన మొదట వేరే పని మీద ఉన్నారు. రక్తంలోకి రంగు ఎక్కించి, చెవి దగ్గర కాంతితో దాన్ని కొలిచి, గుండె ఎంత రక్తం తోడుతోందో తెలుసుకోవాలని చూశారు. నాడి కొట్టుకుంటుంటే గీత వణికి లెక్క చెడిపోతోంది. ఆ వణుకును తీసేయబోతే, ఆక్సిజన్ మారినప్పుడల్లా అది మళ్ళీ తలెత్తింది. అడ్డమనుకున్న ఆ వణుకునే ఆయన కొలతగా మార్చారు. ఆ పద్ధతి 1974లో బయటికి వచ్చింది. ఈనాటికీ మెషిన్ చూసేది కొట్టుకునే భాగాన్నే. అందుకే నాడి సరిగ్గా అందకపోతే ఆక్సిజన్ అంకెను కూడా నమ్మలేం.

స్క్రీన్ మీద రెండు అంకెలు, ఒక అల కనిపిస్తున్నాయి. ఏది ఏమిటి?

శాతం గుర్తుతో ఉన్నది ఆక్సిజన్ శాతం. దాని దగ్గర 'ఎస్‌పీఓ2' అని ఉంటుంది. ధమని రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఎంత భాగం ఆక్సిజన్‌తో నిండి ఉందో అది చెబుతుంది. రెండో అంకె నిమిషానికి నాడి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చెబుతుంది. కొన్నింటిలో 'పీఐ' అనే మూడో అంకె ఉంటుంది, అది వేలికి రక్తం ఎంత బాగా అందుతోందో చెప్పేది.

ఆ అలను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ప్రతి దెబ్బకూ ఒకే తీరులో లేచి దిగుతుంటే పక్కనున్న అంకెను నమ్మవచ్చు. చిందరవందరగా, ఒకటి పొడుగు ఒకటి పొట్టిగా, లేదా సాపుగా ఉంటే అంకె ఎంత బాగున్నా పక్కన పెట్టండి. నేను మొదట అలనే చూస్తాను, ఆ తర్వాతే అంకె.

## ప్రోబ్ తగిలించేటప్పుడు

ఏ వేలికి పెట్టాలి?

చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు, ఏదైనా ఫరవాలేదు. వేలు కొస ప్రోబ్ లోపలి దాకా వెళ్ళాలి. లైటు గోరు వైపు ఉండాలి. కేబుల్ చేతి పైభాగం మీదుగా వచ్చేలా పెడితే సాధారణంగా అదే సరిపోతుంది. బీపీ పట్టీ కట్టిన చేతికి మాత్రం పెట్టకండి. పట్టీ బిగుసుకున్నప్పుడల్లా వేలికి రక్తం ఆగి, ఆక్సిజన్ పడిపోయినట్టు అలారం మోగుతుంది. పది నిమిషాలకోసారి బీపీ చూసే మెషిన్ ఉంటే పది నిమిషాలకోసారి గుండె గుభేలుమంటుంది.

చేతులు చల్లగా ఉన్నాయి, మెషిన్ ఏమీ చూపించట్లేదు. ఏం చేయాలి?

చలికి వేళ్ళ కొసల్లో రక్తనాళాలు ముడుచుకుంటాయి, మెషిన్‌కు నాడి అందదు. చేతిని దుప్పటిలో పెట్టి వెచ్చబడనివ్వండి, మెల్లగా రుద్దండి, వేరే వేలు ప్రయత్నించండి. చెవి తమ్మెకు పెట్టే ప్రోబ్ వేరుగా ఉంటుంది. వేలి ప్రోబ్‌ను చెవికి తగిలిస్తే కుదరదు. మీ చేతికి పెట్టుకుంటే చక్కగా చూపించి రోగికి మాత్రం చూపించకపోతే మెషిన్ బాగానే ఉన్నట్టు. చేతులు వెచ్చబడినా అలాగే ఉండి, మనిషి పాలిపోయి, చెమటలు పడుతుంటే అది చలి కాదు. బీపీ పడిపోయి ఉండవచ్చు. ప్రోబ్ వదిలేసి అంబులెన్స్‌కు ఫోన్ చేయండి.

నెయిల్ పాలిష్ తీసేయాల్సిందేనా?

తీసేస్తే మంచిది, ముఖ్యంగా నలుపు, నీలం లాంటి ముదురు రంగులు. ఇప్పటి మెషిన్లలో తేడా ఎక్కువ ఉండదు కానీ అనుమానం ఎందుకు? తీయడానికి కుదరకపోతే ప్రోబ్‌ను అడ్డంగా, వేలి పక్కల నుంచి పట్టేలా తిప్పి చూడండి. మందమైన అతికించిన గోళ్ళు ఉంటే వేరే వేలు చూసుకోవాలి.

జారిపోతోంది, టేపు వేసి గట్టిగా బిగించవచ్చా?

వద్దు. బిగిస్తే సిరల్లోని రక్తం కూడా నాడితో పాటు కదలడం మొదలవుతుంది, మెషిన్ దాన్ని ధమని రక్తమనుకుని తక్కువ చూపిస్తుంది. పైగా వేలు కమిలిపోతుంది. మాటిమాటికీ జారిపోతుంటే క్లిప్ మానేసి అంటుకునే రకం ప్రోబ్ వాడండి. కేబుల్‌ను చేతి మీద ఒకచోట వదులుగా టేపుతో ఆపినా లాగుడు తగ్గుతుంది.

ఒకే వేలికి రోజంతా ఉంచవచ్చా?

క్లిప్ రకాన్ని నాలుగు గంటలకోసారైనా వేరే వేలికి మార్చండి, తీసినప్పుడు చర్మం చూడండి. పసిపిల్లలకు, చర్మం పల్చబడిన ముసలివాళ్ళకు, వాపు ఉన్నవాళ్ళకు ఇంకా తరచుగా మార్చాలి. మాట్లాడలేని మనిషి "నొప్పిగా ఉంది" అని చెప్పలేరు కదా. ఎర్రబడ్డ మచ్చ కనబడితే ఆ వేలికి ఆ రోజుకు సెలవివ్వండి.

## అంకె చదివేటప్పుడు

95 అంటే తక్కువా? 98 ఉండాలి అంటున్నారు.

ఊపిరితిత్తుల జబ్బు లేని పెద్దవాళ్ళకు సాధారణంగా 95 నుంచి 100 దాకా ఉంటుంది. 98 ఉన్న పక్కింటివాళ్ళతో పోటీ అక్కర్లేదు. మీ మనిషికి ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎంత ఉండేదో తెలిసి ఉంటే అదే అసలైన కొలబద్ద. ఎప్పుడూ 98 ఉండే మనిషికి ఇవాళ పొద్దుటి నుంచీ 93 ఉంటే పట్టించుకోవాలి. కొన్నేళ్ళుగా 93 దగ్గరే తిరుగుతున్న మనిషికి అది మామూలే కావచ్చు. సముద్రమట్టానికి బాగా ఎత్తైన చోట్ల ఆరోగ్యవంతులకు కూడా తక్కువే ఉంటుంది.

ఇప్పుడు 97 ఉంది, నిమిషంలో 95 అయింది. మెషిన్ పాడైందా?

పాడవలేదు. మంచి మెషిన్‌లో కూడా రెండు మూడు పాయింట్ల తేడా సహజం. అటూ ఇటూ ఊగుతుంటే పట్టించుకోకండి. ఒకే దిశలో మెట్టు మెట్టుగా దిగుతుంటే పట్టించుకోండి: పొద్దున 97, మధ్యాహ్నం 95, సాయంత్రం 92. ఇలా దిగడం కంటికి తెలియాలంటే కాగితం మీద టైముతో సహా రాసుకోవడమే దారి. మెషిన్ కొన్ని సెకన్ల సగటు చూపిస్తుంది కాబట్టి ప్రోబ్ పెట్టగానే కనిపించిన అంకెను రాయకండి. అర నిమిషమో నిమిషమో చేయి కదపకుండా ఉంచి, నిలబడ్డాక రాయండి.

90 దగ్గరికి వచ్చేసరికి డాక్టర్లు ఎందుకంత కంగారు పడతారు? వందకు తొంభై అంటే మంచి మార్కులే కదా!

ఈ ప్రశ్న వేసిన రిటైర్డ్ టీచర్‌గారు నిజంగానే మార్కుల లెక్కలో అడిగారు. ఇక్కడ లెక్క అలా నడవదు. రక్తంలో ఆక్సిజన్ పీడనానికీ ఈ శాతానికీ ఉన్న సంబంధం సరళరేఖ కాదు, పైన చదునుగా ఉండి కింద ఏటవాలుగా జారే గీత. పీడనం 100 నుంచి 80 మిల్లీమీటర్ల పాదరసానికి తగ్గినా శాతంలో మార్పు పెద్దగా కనబడదు. శాతం 90కి వచ్చేసరికి పీడనం 60 మిల్లీమీటర్ల దగ్గరికి దిగి ఉంటుంది. అక్కడి నుంచి గీత జారుడుబండే. ఊపిరితిత్తుల పరిస్థితి ఇంకొంచెం చెడితే చాలు, శాతం 80లోకి దబ్బున పడిపోతుంది. డాక్టర్లు కంగారుపడేది ఆ అంచు చూసి.

ఆక్సిజన్ పెట్టాక 100 చూపిస్తోంది. అలాగే ఉంచేస్తే మంచిదే కదా?

100 కంటే పైకి చూపించే వీలు మెషిన్‌కు లేదు. అవసరమైన దానికంటే ఎంత ఎక్కువ ఇస్తున్నామో ఆ అంకె చెప్పదు. ఎక్కువ ఆక్సిజన్ కూడా మందు ఎక్కువైనట్టే. చాలామంది రోగులకు 94 నుంచి 98 మధ్య ఉంచాలని బ్రిటన్‌లోని ఊపిరితిత్తుల వైద్యుల సంఘం బ్రిటిష్ థొరాసిక్ సొసైటీ మార్గదర్శకాలు చెబుతాయి. మీ మనిషికి లక్ష్యం ఎంతో డాక్టర్‌ను అడిగి మెషిన్ మీదే అంటించి పెట్టుకోండి. తగ్గించాలా వద్దా అన్నది కూడా వాళ్ళ మాట ప్రకారమే.

రక్తహీనత ఉన్న మనిషికి 99 చూపిస్తోంది. అదెలా?

హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోసే లారీలనుకోండి. లారీలు ఎన్ని ఉన్నాయని మెషిన్ లెక్కపెట్టదు, ఉన్న లారీల్లో ఎన్ని నిండాయో చూస్తుంది. హిమోగ్లోబిన్ 14 గ్రాములు ఉంటే 100 మిల్లీలీటర్ల రక్తం సుమారు 18 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. 7 గ్రాములుంటే అందులో సగమే. ఇద్దరికీ స్క్రీన్ మీద 99 రావచ్చు. 99 చూసి "మరి ఆయాసం దేనికి, నటిస్తున్నారా?" అనకండి.

పొగలో చిక్కుకున్న మనిషికి 98 వచ్చింది. ఇంటికి తీసుకెళ్ళిపోవచ్చా?

ఆ అంకెను నమ్మవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటే అది కూడా ఎర్రగానే ఉంటుంది, రెండు లైట్ల మెషిన్ దాన్ని ఆక్సిజన్‌గానే లెక్కేస్తుంది. మనిషి ప్రమాదంలో ఉండగా స్క్రీన్ మీద అంతా బాగుందని వస్తుంది. తలనొప్పి, వాంతులు, తికమక ఉన్నా లేకపోయినా ఆస్పత్రికి తీసుకెళ్ళి రక్తపరీక్షతో తేల్చుకోవాలి.

చర్మం నల్లగా ఉంటే తప్పు చూపిస్తుందని విన్నాను. నిజమేనా?

నిజమే, ఎక్కువ చూపించే వైపు తప్పుతుంది. అమెరికాలో 2020లో వెలువడిన ఒక అధ్యయనంలో, మెషిన్ బాగుందని చెప్పినా రక్తపరీక్షలో ఆక్సిజన్ తక్కువగా తేలినవాళ్ళు తెల్లజాతి రోగులకంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఉన్నారు. మరుసటి ఏడాది అక్కడ మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ కూడా హెచ్చరిక జారీ చేసింది. చామనఛాయ, నల్లని చర్మం ఉన్నవాళ్ళకు 92, 93 వస్తే అసలుది ఇంకా తక్కువ ఉండవచ్చని అనుకుని కాస్త ముందే డాక్టర్‌తో మాట్లాడండి.

నాడి అంకె ఈసీజీ చూపిస్తున్నదానికంటే తక్కువగా ఉంది. ఏది నిజం?

రెండూ నిజం కావచ్చు. ఈసీజీ గుండెలోని విద్యుత్తును లెక్కపెడుతుంది, ఆక్సిమీటర్ వేలిదాకా చేరిన దెబ్బల్ని లెక్కపెడుతుంది. గుండె లయ తప్పినప్పుడు కొన్ని దెబ్బలు బలహీనంగా ఉండి వేలిదాకా రావు. ముంజేతి దగ్గర నాడి పట్టుకుని ఒక నిమిషం పూర్తిగా లెక్కపెట్టి, లయ తప్పుతున్నట్టు అనిపిస్తే డాక్టర్‌కు చెప్పండి. పెద్దవాళ్ళకు విశ్రాంతిలో 60 నుంచి 100 దాకా మామూలు.

## అలారం మోగినప్పుడు

అలారం మోగగానే మొదట ఏం చేయాలి?

ముఖం చూడండి. మెషిన్ ముఖం కాదు, మనిషిది.

పిలిస్తే పలుకుతున్నారా, ఊపిరి ఎలా ఉంది, పెదాలు నీలంగా ఉన్నాయా? మనిషి తేడాగా ఉంటే ప్రోబ్ సర్దుతూ టైం పోగొట్టకుండా సాయం పిలవండి. ఆక్సిజన్ మీద ఉంటే గొట్టం ఊడిందా, మడత పడిందా, సిలిండర్ అయిపోయిందా చూడండి. దిండు మీద నుంచి జారి మెడ ముడుచుకుపోయి ఉంటే కూర్చోబెట్టండి. మనిషి హాయిగా కబుర్లు చెబుతుంటే అప్పుడు ప్రోబ్ వైపు వెళ్ళండి: జారిందా, చేయి వణుకుతోందా, వేలి మీద ఎండ పడుతోందా. అంకె 85 దగ్గర ఇరుక్కుని, అల చిందరవందరగా ఉంటే అది చాలాసార్లు కదలిక పెట్టిన చిక్కే. రెండు లైట్ల నుంచీ ఒకే తీరు గందరగోళం వస్తే మెషిన్ లెక్క అటువైపే జారుతుంది. కానీ అల శుభ్రంగా ఉండి, ఆక్సిజన్ పెంచినా 85 దగ్గరే కదలకుండా ఉంటే ఆస్పత్రికి వెళ్ళాలి. కొన్ని మందుల వల్ల హిమోగ్లోబిన్ చెడి మెథిమోగ్లోబిన్‌గా మారినప్పుడు అలా చూపిస్తుంది.

ఊరికే మోగుతోంది, సౌండ్ ఆపేయవచ్చా?

ఒకసారి రాత్రి డ్యూటీలో ఒకే మెషిన్ ఇరవైసార్లు మోగింది, ఇరవైసార్లూ ప్రోబ్ జారడమే. ఇరవై ఒకటోసారి నేను లేవడానికి ఆలస్యం చేశాను. ఆసారి నిజంగానే ఆయన ఆక్సిజన్ మాస్కు పీకేసుకున్నారు. ఏమీ కాలేదు, కానీ ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్ళు జలదరిస్తుంది. కాబట్టి సౌండ్ పూర్తిగా ఆపకండి, ఊరికే మోగే కారణాన్ని తీసేయండి. ప్రోబ్ మార్చండి, చేయి దిండు మీద ఆనించండి. కింది హద్దు రోగి మామూలు అంకెకు మరీ దగ్గరగా ఉందేమో డాక్టర్‌ను అడిగి సవరించండి. ఎప్పుడూ 91 ఉండే మనిషికి హద్దు 90 పెడితే మోగక ఏం చేస్తుంది? శుభ్రం చేసేటప్పుడు నొక్కే రెండు నిమిషాల మ్యూట్ బటన్ వేరు, దాన్ని వాడుకోవచ్చు.

ఆక్సిజన్ పెంచాం, అయినా అంకె వెంటనే పెరగలేదు.

ఊపిరితిత్తుల్లో జరిగింది వేలికి చేరి, సగటు తీసి, స్క్రీన్ మీదికి రావడానికి అర నిమిషం పైనే పట్టవచ్చు. చేతులు చల్లగా ఉంటే ఇంకా ఆలస్యం. ఈ ఆలస్యం తెలియక నాబ్ తిప్పుతూనే పోతారు, ఆ తర్వాత అంకె 100కు ఎగురుతుంది. డాక్టర్ చెప్పినంత పెంచి రెండు మూడు నిమిషాలు ఆగండి.

## రాత్రిపూట

నిద్రలో 90కి దిగి మళ్ళీ పైకి వస్తోంది. ప్రమాదమా?

నిద్రలో ఊపిరి మందగిస్తుంది కాబట్టి రెండు మూడు పాయింట్లు తగ్గడం మామూలే. గురక ఆగి, నిశ్శబ్దమై, అంకె దిగి, ఒక్కసారిగా గుటకలాంటి శ్వాసతో మళ్ళీ ఎక్కడం పదేపదే జరుగుతుంటే అది స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు) కావచ్చు. రాత్రి రికార్డును చెరపకుండా డాక్టర్‌కు చూపించండి. పరీక్ష మాత్రం వేరే చేయాలి, ఈ ఒక్క మెషిన్‌తో తేల్చలేరు.

ఆక్సిజన్ మీద 96 ఉంది, కానీ మనిషి లేపితే లేవట్లేదు. నిద్రే కదా?

నిద్ర అనుకుని వదిలేయకండి. ఆక్సిమీటర్ కార్బన్ డయాక్సైడ్‌ను చూడదు. ఊపిరి నిమిషానికి ఆరో ఏడో అయిపోయినా, పక్కన ఆక్సిజన్ పెట్టి ఉంటే శాతం చాలాసేపు బాగానే నిలబడుతుంది. లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి మత్తు కమ్ముతుంది. మార్ఫిన్ లాంటి నొప్పి మందులు, నిద్రమాత్రలు వాడేవాళ్ళకు, దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళకు ఈ ప్రమాదం ఎక్కువ. ఛాతీ లేచి దిగడం ఒక నిమిషం పాటు గడియారం పెట్టుకుని లెక్కపెట్టండి. పిలిచినా తట్టినా పలకకపోతే అంబులెన్స్‌ను పిలవండి.

## అందరికీ ఒకే లెక్క కాదు

సీఓపీడీ (దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు) ఉన్న నాన్నగారికి 90 ఉంటే చాలన్నారు. పొరపాటున చెప్పారా?

పొరపాటు కాదు. ఆక్సిజన్ ఎక్కువైతే కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయే ప్రమాదం ఉన్న సీఓపీడీ రోగులకు 88 నుంచి 92 మధ్య ఉంచడమే లక్ష్యం. ప్రేమకొద్దీ 98కి ఎక్కించాలని చూడకండి.

అప్పుడే పుట్టిన బిడ్డకు 70 అన్నారు, అందరం హడలిపోయాం.

పుట్టిన మూడో నిమిషంలో 70 నుంచి 75 ఉండటం మామూలే. మొదటి నిమిషంలో 60 నుంచి 65 దాకా ఉండి, మెల్లగా ఎక్కుతూ పదో నిమిషానికి 85 నుంచి 95కి చేరుతుంది. ఆ కొలత కుడిచేతికే తీస్తారు. ఒకటి రెండు రోజులయ్యాక కుడిచేతికీ ఒక కాలికీ పెట్టి పోల్చి చూసే పరీక్ష మాత్రం వేరు. తీవ్రమైన పుట్టుకతో వచ్చే గుండె లోపాలను ముందే పట్టుకోవడానికి అది చేస్తారు.

## డాక్టర్‌ను పిలవడం

ఏ అంకె దగ్గర ఫోన్ చేయాలి?

మీ డాక్టర్ ఒక అంకె చెప్పి ఉంటే అదే. చెప్పకపోతే, చేయి వెచ్చగా, కదలకుండా, అల శుభ్రంగా ఉండి కూడా 92 లేదా అంతకంటే తక్కువ నిలబడితే ఫోన్ చేయండి. 90 కంటే కిందే ఉండిపోతే ఫోన్‌తో ఆగకుండా ఎమర్జెన్సీకి బయలుదేరండి. నాలుగు మాటలు కూడా కలిపి మాట్లాడలేని ఆయాసం, ఛాతీ నొప్పి, కొత్తగా వచ్చిన తికమక, నీలి పెదాలు ఉంటే స్క్రీన్ మీద 97 ఉన్నా సరే, వెళ్ళాల్సిందే. ఫోన్‌లో "తగ్గింది" అని మాత్రమే చెప్పకండి. ఎంత ఉండేది, ఇప్పుడెంత, ఎప్పటి నుంచి, ఆక్సిజన్ ఎన్ని లీటర్లు, నాడి ఎంత, ఊపిరి నిమిషానికి ఎన్ని అన్నవి చెబితే అవతలివాళ్ళు వెంటనే నిర్ణయం చెప్పగలుగుతారు.

## మెషిన్ బాగోగులు

ప్రోబ్‌ను ఎలా శుభ్రం చేయాలి?

మెషిన్ ఆపి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉన్న తుడుపు కాగితంతో లోపలి రెండు వైపులా తుడిచి ఆరనివ్వండి. నీళ్ళలో ముంచకండి. లైటు అద్దం మీద జిడ్డు పేరుకుంటే కొలత తప్పుతుంది. కేబుల్‌ను మడిచి ముడి వేసే అలవాటు మానుకోండి, ప్రోబ్‌లో ముందుగా చచ్చేది ఆ మెడ దగ్గరి తీగే.

ఏడాదికోసారి కేలిబ్రేషన్ (కొలత సరిచేయడం) చేయించాలా?

ఆక్సిజన్ లెక్కకు మీరు ఇంట్లో సర్దేదేమీ లేదు. ఆ లెక్క ఫ్యాక్టరీలోనే మెషిన్‌లోకి ఎక్కిస్తారు. ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు వైద్యుల పర్యవేక్షణలో ఆక్సిజన్ మెల్లగా తగ్గిస్తూ, రక్తం తీసి పరీక్షించి, కాంతి లెక్కతో సరిపోల్చి ఆ పట్టిక తయారు చేస్తారు. 70 కంటే కిందికి మనుషుల్ని దించడం క్షేమం కాదు కాబట్టి అక్కడితో ఆపేస్తారు. అందుకే 70 కింద చూపించే అంకె అంచనా మాత్రమే. 62నా 58నా అన్న తేడా మీద ఆలోచించే సమయం కూడా కాదది.

కరెంటు పోతే?

లోపల బ్యాటరీ ఉంటుంది, కానీ ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండే మెషిన్ బ్యాటరీ చచ్చిపోయినా తెలియదు. నెలకోసారి పగటిపూట, పక్కన మనిషి ఉన్నప్పుడు, ప్లగ్గు తీసి ఎంతసేపు నడుస్తుందో చూడండి. వేలికి తగిలించే చిన్న ఆక్సిమీటర్‌ను కూడా కొత్త బ్యాటరీలతో అందుబాటులో ఉంచుకోండి.